ఊర్ల ఒక్క మనిషి మొదలువెడితే కరెంటు సంగతి ఎట్ల మారుతది: ఏం చేయాలె, ఎక్కడికెళ్లి మొదలువెట్టాలె

నల్లగొండ, పాలమూరు దిక్కు ఏ ఊర్ల సోలార్ మాట ఎత్తినా ముందు ఒక్కటే అంటరు, మనకు జీరో బిల్లే కదా ఇంకెందుకు అని. దాని ఎనుకనే ఇంకో మాట, నువ్వొక్కనివి చేస్తే ఏమైతది అని. ఈ రెండు మాటలకు జవాబు మీ దగ్గర లేకపోతే మీరు ఎంత మంచి విషయం చెప్పినా ఎవ్వరు ఇనరు. అందుకే భూమి వేడెక్కుతుంది, ప్రపంచం ఆగమైతుంది అని మొదలుపెట్టకండి. నిజమే అది, కానీ ఊర్ల మనిషి నమ్మేది తనకు తెలిసిన మనిషి ఇంట్ల తన కండ్లతో చూసినదాన్ని, చేతిల పట్టుకున్న బిల్లు కాయితాన్ని. ఈ పని మొత్తం దానిమీదనే నడుస్తది.

ఇది మనకు దూరం ముచ్చట కూడ కాదు. దామరచర్ల కాడ యాదాద్రి థర్మల్ ప్లాంటు 4,000 మెగావాట్లది, నల్లగొండ జిల్లాలనే ఉంది. బొగ్గుతోటి ఒక్క యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు 0.7 కిలోల బొగ్గు కాలాలె, మన దేశం బొగ్గుల మూడో వంతు దాకా బూడిదే ఉంటది. పొలం కాడ 5 హెచ్‌పి మోటరు గంట ఆడితే దగ్గర దగ్గర 4 యూనిట్లు, అంటే మూడు కిలోల బొగ్గు. కరెంటు ఫ్రీ అయినా బొగ్గు ఫ్రీ కాదు, ఆ పొగ పీల్చేటోళ్లు, బూడిద పడే చేన్లు మనయే.

ముందు మీ ఇంటి బిల్లు చదవండి

చాలామంది బిల్లు కాయితం చూసి ఎంత కట్టాలె అనే కాడికే ఆగుతరు. మీరు యూనిట్లు చూడండి. ఒక నోటుబుక్కు తీసుకొని పోయిన ఏడాది బిల్లులన్ని ముందటేసుకొని నెలకు ఎన్ని యూనిట్లు కాలినయో వరుసగా రాయండి, బిల్లులు పారేస్తే మన కరెంటు కంపెనీ టీజీఎస్పీడీసీఎల్ యాప్‌ల కనెక్షన్ నంబరు కొట్టి చూడొచ్చు. రాసినంక మీకే ఒకటి కండ్లకు కొడతది, మార్చి దాక మామూలుగ ఉండి ఏప్రిల్, మే నెలల్ల కూలర్లు మొదలైనంక ఒక్కసారే పైకి లేస్తది.

సర్కారు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకనే జీరో బిల్లు. 200 దాటితే దాటినకాడికే బిల్లు వస్తదని చాలామంది అనుకుంటరు, అట్ల కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలె. మొదటి 200 యూనిట్లకే యూనిట్‌కు 5 రూపాయల 10 పైసల లెక్క వెయ్యి దాటుతది, ఆపైన 300 దాకా యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు, 300 దాటితే 9 రూపాయలు. అంటే 198 కాడ ఉన్న ఇంటికి, 205 కాడ ఉన్న ఇంటికి తేడా ఏడు యూనిట్లే గాని పైసల్ల చూస్తే వెయ్యి రూపాయల పైన. జీరో బిల్లు ఉన్న ఊర్ల కరెంటు పొదుపు ముచ్చట తీయాలంటే దీనికంటే మంచి దారి లేదు, ఎండకాలం బిల్లు వచ్చి తిట్టుకునే ఇల్లు ప్రతి వాడలో ఉంటది.

తర్వాత మీ ఇంట్ల మార్చి చూపియ్యండి

తక్కువ ఖర్చుతోటి అయ్యేది ఫ్యాను. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు గుంజుతది, కరెంటు తక్కువ గుంజే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల కాడ తిరుగుతది. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదనే నెలకు 16 యూనిట్లు మిగులుతయి, ఇంట్ల మూడు ఫ్యాన్లు ఉంటే 48. 200 గీత కాడ ఊగులాడే ఇంటికి ఇది చాలు. ఒకటేసారి మూడు కొనకండి, ఎక్కువ తిరిగేది ఏదో దాన్ని ముందు మార్చండి. 60 వాట్ల పాత బల్బు ఇంకా ఏ బాత్రూంలనో పశువుల కొట్టంలనో వెలుగుతుంటే దాని జాగల 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి.

మార్చినంక మీటరు రీడింగు రాయండి. వారానికి ఒకరోజు, ఒకే టైముకు, పొద్దుగాల చాయ్ తాగేటప్పుడు మీటరు కాడికి పోయి అంకె చూసి మీటరు బోర్డు పక్కన గోడ మీదనే చాక్‌పీసుతోటి తారీకు, అంకె రాయండి. ఫోన్ల రాసుకోవచ్చు కదా అంటరు, కానీ ఫోన్ల రాస్తే మీకే కనవడతది, గోడ మీద రాస్తే వచ్చిన చుట్టం అడుగుతడు, పాలు పోసే ఆమె అడుగుతది, బిల్లు కొట్టనీకి వచ్చిన అతను కూడ అడుగుతడు. మీరు చెప్పనీకి పోకుండనే ముచ్చట మొదలైతది. నేనైతే ఇంతకంటే బాగ పనిచేసే ప్రచారం చూడలేదు.

ఊరి పని ఒక్కటే పట్టుకోండి, చిన్నది పట్టుకోండి

ఇక్కడనే చాలామంది పిల్లగాళ్లు ఆగమైతరు, ఒకేసారి ప్లాస్టిక్ బంద్, చెట్లు, సోలార్, చెరువు అన్ని నెత్తినేసుకుంటరు, నెల రోజులకు వాట్సాప్ గ్రూపు ఒక్కటి మిగులుతది. ఒక్కటి పట్టుకోండి. మీరు అడిగితే నేను చెప్పేది వీధి లైట్లు.

పొద్దున పది గంటలకు మీ ఊర్ల ఒక చుట్టు తిరగండి, వెలుగుతున్న వీధి లైట్లు లెక్కపెట్టండి. సర్కారు పల్లె ప్రగతి కార్యక్రమంల చాలా ఊర్లకు థర్డ్ వైర్ గుంజిన్రు, అంటే లైట్లకు వేరే తీగ పెట్టి ఒక్క స్విచ్చుతోటి పగలు బంద్ చేసేటట్టు. కొన్నికాడ ఆ తీగ తెగింది, కొన్నికాడ స్విచ్చు డబ్బా కాలిపోయింది, కొన్నికాడ బంద్ చేసే మనిషే లేడు. లెక్క సింపుల్, వంద లైట్లు, ఒక్కోటి 30 వాట్లు, పగలు 12 గంటలు ఊకెనే వెలిగితే రోజుకు 36 యూనిట్లు, నెలకు వెయ్యి దాటినట్టే. ఆ బిల్లు గ్రామ పంచాయతీకి వస్తది, అంటే మోరీలు తీయనీకి, బ్లీచింగ్ కొట్టనీకి ఉండాల్సిన పైసలు పట్టపగలు లైట్లకు పోతున్నయి.

లెక్కపెట్టేటప్పుడు పోల్ నంబరు రాసుకోండి, ఫోటో తీయండి, ఫోటోల ఎండ కనవడాలె. పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోయి వీధి లైట్ల మీటరు ఏది, నెలకు బిల్లు ఎంత అని మంచిగ అడగండి. ఎక్కువసార్లు చూపిస్తరు. చూపియ్యకపోతే 2005 సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ఉంది, తెల్ల కాయితం మీద రాసియ్యొచ్చు, ఊరి స్థాయిల ఫీజు కూడ లేదు, 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. కాని మొదటి రోజే ఆర్టీఐ కాయితం తీసుకపోతే కార్యదర్శి మిమ్మల్ని ఎదురు పార్టీ మనిషి అనుకుంటడు, అది ఆఖరికి పెట్టుకోండి.

లైన్‌మన్ అన్నను మర్చిపోకండి. ఏ తీగ ఏడికి పోయిందో ఊర్ల ఆయనకు తెలిసినంత కరెంటు ఆఫీసు ఇంజనీరుకు (ఏఈకి) కూడ తెల్వదు. గౌరవంగ పిలిచి, అన్నా మీరు చెప్తే జేస్తం అంటే ఆయనే దారి చెప్తడు. పోల్ మీదికి మీరు ఎక్కకండి, మీ దోస్తులను ఎక్కనియ్యకండి, ఎల్‌సీ, అంటే లైన్ బంద్ చేయించే లైన్ క్లియర్, తీసుకోకుండ పోల్ ఎక్కి పాణాలు పోయిన ఊర్లు మనకాడ మస్తున్నయి.

మహిళా సంఘం మీటింగుకు పోండి

ఊర్ల నెల నెల పద్ధతిగ కూసొని, అప్పు ఎంత, కట్టింది ఎంత అని బుక్కుల రాసే మీటింగు ఇదొక్కటే. మగోళ్ల రచ్చబండ కాడ మాట తేలిపోతది, సంఘంల మాట రికార్డు అయితది. వీఓ, అంటే ఊరి సంఘాలన్నిటి సమాఖ్య, అధ్యక్షురాలిని ముందురోజు కలిసి అక్కా పదినిమిషాలు టైం ఇయ్యండి అని అడగండి, సంఘాల పని చూసే సీసీ మేడంకు కూడ చెప్పండి. పోయినంక ఉపన్యాసం ఇయ్యకండి. మీ బిల్లులు రెండు తీసుకపోండి, ఫ్యాను మార్చక ముందుది ఒకటి, మార్చినంకది ఒకటి, చేతులు మార్చుకుంట చూడనియ్యండి. ఎవరన్న ఒకామె ఫ్యాను ఎంతకు కొన్నవ్ అని అడుగుతది. ఆ ప్రశ్న వచ్చిందంటే పని అయినట్టే, ఆమెనే పట్టుకోండి, ఆమె ఇంటి లెక్క మీరు కూసొని రాసియ్యండి. మీటింగుల ముప్పై మంది ఊ అనేదానికంటే ఒక్క ఇంట్ల మీటరు మారుడు ఎక్కువ.

సంఘానికి చెప్పాల్సిన పెద్ద ముచ్చట ఇంకోటి ఉంది. రైతుల సోలార్ కోసం కేంద్రం పెట్టిన పీఎం కుసుమ్ పథకంల కాంపొనెంట్ ఏ కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు రైతులు, సంఘాలు పెట్టుకొని 25 ఏళ్ల ఒప్పందం మీద కరెంటు కంపెనీకి (డిస్కంకు) కరెంటు అమ్మొచ్చు, మన రాష్ట్రంల మహిళా సంఘాలతోటి ప్లాంట్లు పెట్టియ్యాలని సర్కారు కూడ చూస్తుంది. మెగావాట్‌కు నాలుగెకరాల దాక భూమి కావాలె, సబ్‌స్టేషన్ దగ్గర ఉండాలె. ఇది మండల సమాఖ్య, మండలంల సంఘాలను చూసే ఆఫీసరు ఏపీఎం, సర్కారు సోలార్ సంస్థ రెడ్కో ఆఫీసు కాడ తేలే పని, మీరు చేయాల్సింది సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపల రాళ్లు తేలి పంట పండని సర్కారు జాగ ఏదన్న ఉందా అని చూసి, సర్వే నంబరు రాసి సమాఖ్యకు ఇచ్చుడు.

గ్రామసభల నిలవడి మాట్లాడండి, మాటను కాయితం మీదికి ఎక్కియ్యండి

2018 పంచాయతీరాజ్ చట్టం లెక్క రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. తారీకు ముందే కనుక్కోండి, మీ విషయం ఎజెండాల పెట్టమని రాసియ్యండి. సభల లేచి చెప్పేటప్పుడు సర్పంచును తప్పు పట్టేటట్టు మాట్లాడకండి, ఇన్ని లైట్లు పగలు వెలుగుతున్నయి, నెలకు ఇంత పోతుంది, టైమర్ పెడితే ఇంత ఖర్చు, నేను ఇంత చందా రాస్తున్న అని మీది ముందు చెప్పండి.

మీది ముందు చెప్పుడు ఎందుకంటే మన నేల మీదనే జరిగింది చూడండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిల వినోబా భావే దగ్గరికి దళితులు వచ్చి మాకు ఎనభై ఎకరాలు ఉంటే బతుకుతం అన్నరు. వినోబా ఊరోళ్లను అడిగిండు, ఎవరన్న ఇయ్యగలరా అని. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నేను వంద ఎకరాలు ఇస్త అన్నడు. భూదానోద్యమం దేశమంత పోయింది ఆ ఒక్క మనిషి నలుగుట్ల లేచి నిలవడ్డంకనే. ఆయన చాటుకు పిలిచి ఇచ్చి ఉంటే అది దానం అయితుండె, అందరి ముంగట ఇచ్చిండు కాబట్టి ఉద్యమం అయింది. అదే ఉద్యమంల ఇంకోటి కూడ నేర్చుకోవాలె, దేశంల దానం కింద రాసిచ్చిన భూమి చాలా భాగం పంపకం కాకుండనే మిగిలిపోయింది, మాట ఇచ్చినప్పుడున్న ఊపు పట్టా కాడికి వచ్చేసరికి లేదు. అందుకే గ్రామసభల అందరు చప్పట్లు కొట్టినంక ఇంటికి పోకండి, తీర్మానం బుక్కుల రాసిండ్రా, నంబరు ఏంది, ఎవరు చేయాలె, ఎన్ని దినాలల్ల అని చూసి తీర్మానం కాపీ ఫోటో తీసుకొనే లేవండి. రెండు నెలల తర్వాత మళ్ల సభల అదే నంబరు చెప్పి ఏమైందని అడగండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది, తీర్మానం కాపీ పెట్టి దరఖాస్తు ఇయ్యండి.

ఇంటి మీద సోలార్, ఎవరికి చెప్పాలె, ఏం చెప్పాలె

అందరికి చెప్పకండి. నెలకు 100 యూనిట్లు కాల్చి జీరో బిల్లుల ఉన్న ముసలమ్మకు సోలార్ పెట్టుకోమని చెప్తే ఆమె పైసలు ఖరాబు చేసినట్టే. నెల నెల 250, 300 దాటే ఇండ్లు ఊర్ల కొన్ని ఉంటయి, స్లాబు ఇల్లు, ఫ్రిజ్జు, ఏసీ ఉన్నోళ్లు, ముందు వాళ్లు. కిరాణం, గిర్ని, వెల్డింగ్ షాపులకు ఇంటి సబ్సిడీ రాదు, కాని వాళ్ల రేటే ఎక్కువ కాబట్టి సబ్సిడీ లేకున్నా లెక్క వేసి చూసుకోవచ్చు.

2024ల వచ్చిన పీఎం సూర్యఘర్ కింద ఇంటికి 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ. 3 కిలోవాట్ల సెట్టు సుమారు 2 లక్షలు పడుతది, రోజుకు 10 నుంచి 12 యూనిట్లు ఇస్తది, నీడ పడని జాగ 300 చదరపు అడుగులు కావాలె. తాకట్టు లేకుండ బ్యాంకు లోను కూడ ఉంది. పోర్టల్‌ల మీ కరెంటు కనెక్షన్ నంబరుతోటి మీరే అప్లై చేసుకోవచ్చు, రిజిస్టర్ అయిన వెండర్‌నే పట్టుకోవాలె, ప్యానెళ్లు మన దేశంల తయారైన డీసీఆర్ రకమే ఉండాలె, లేకపోతే సబ్సిడీ రాదు. తక్కువకు ఇస్త అని వేరే ప్యానెళ్లు బిగించి పోయేటోళ్లు ఉంటరు, జాగ్రత్త. సబ్సిడీ, మీరు లైన్‌కు ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండు లెక్కపెట్టే నెట్ మీటరు పెట్టి చెకింగ్ అయినంక నేరుగ మీ అకౌంట్ల పడతది, నడుమ ఎవ్వరికి కమీషన్ ఇయ్యాల్సిన పని లేదు. జీరో బిల్లు వస్తున్న ఇల్లు అయితే సోలార్ పెట్టినంక లెక్క ఎట్ల ఉంటదో సంతకం పెట్టక ముందే ఏఈ ఆఫీసుల అడిగి పొండి.

ఒక్క విషయం మాత్రం పైసలు కట్టకముందే చెప్పాలె, లేకపోతే మీ మీద ఊర్ల నమ్మకమే పోతది. ఊర్ల కరెంటు పోతే ఈ సోలార్ కూడ బంద్ అయితది. బ్యాటరీ లేకుండ కరెంటు లైన్‌కే కలిపే ఆన్‌గ్రిడ్ సెట్టు అట్లనే చేస్తరు, ఎందుకంటే లైన్ బంద్ చేసి పోల్ మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు ఎదురొచ్చి షాక్ కొట్టొద్దని. ఎండ దంచి కొడుతుంటే ఫ్యాను తిరుగుతలేదేంది అని పెట్టుకున్న మనిషి తిట్టుకుంట తిరిగితే ఆ వాడలో ఇంకో ఐదేండ్లు ఎవ్వరు పెట్టరు. కరెంటు పోయినప్పుడు కూడ కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అడగాలె, దానికి ఖర్చు ఎక్కువ.

మనకాడ ఇంకో రెండు చూసుకోవాలె. ఒకటి కోతులు, ప్యానెళ్ల మీద ఉరుకుతయి, వైర్లు గుంజుతయి, కాబట్టి వైర్లన్ని పైపుల్లో పోయేటట్టు చేయించండి. రెండోది మే నెల గాలిదుమారం, స్టాండు తుప్పు పట్టకుండ పూత ఉన్న మంచి జీఐదేనా, స్లాబుకు బోల్టులు గట్టిగ దిగినయా చూడండి. ఎర్త్ గుంతలు, పిడుగు పడితే ఆపే అరెస్టర్ లేకుండ బిల్లు మీద సంతకం పెట్టకండి. దుమ్ము పడితే తయారయ్యే కరెంటు తగ్గుతది, రోడ్డు పక్క ఇండ్లకైతే ఇంకా ఎక్కువ. పొద్దుగాల ప్యానెల్ చల్లగ ఉన్నప్పుడు మామూలు నీళ్లతోటి కడగాలె, ఎండల కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోయొద్దు.

వంగూరు మండలం కొండారెడ్డిపల్లి, అదే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు, ఊరంత సోలార్ చేయాలని పైలట్ కింద తీసుకున్నరు. వీలైతే ఊరి నుంచి నలుగురిని బండ్ల మీద తీసుకపోండి, అందుల ఇద్దరు ఆడోళ్లు ఉండాలె. ఆఫీసర్లను అడగకండి, ఇండ్లల్లకు పోయి ఎండకాలం కరెంటు ఎంత వచ్చింది, వానకాలం ఎంత వచ్చింది, ఖరాబైతే ఎవరొస్తున్నరు అని అడగండి. మంచి చెడు రెండు వినండి.

పొలం కాడ

రైతుకు 24 గంటల ఫ్రీ కరెంటు 2018 జనవరి 1 నుంచి ఉంది కాబట్టి బిల్లు ముచ్చట ఇక్కడ నడవది. నడిచేది మోటరు ముచ్చట, ట్రాన్స్‌ఫార్మర్ ముచ్చట. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులందరు మోటర్లకు కెపాసిటర్లు పెట్టుకుంటే లోడు తగ్గుతది, వోల్టేజీ నిలబడతది, ట్రాన్స్‌ఫార్మర్ కాలుడు తగ్గుతది. కాలితే దాన్ని దింపి ట్రాక్టర్ల ఏసుకొని రిపేరుకు తీసుకపోయి మళ్ల తెచ్చి ఎక్కిచ్చేదాక వరి ఎట్ల ఎండుతదో రైతుకు మీరు చెప్పాల్సిన పని లేదు. కరెంటు రాంగనే మోటరును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని చెప్పుడు కొంచెం కష్టం, రాత్రి నిద్ర పాడైతదని భయం, కాని బోరు ఊకె పోసి అడుగంటితే మళ్ల బోరెయ్యాలె, మన దిక్కు బోర్ల అప్పులు ఎన్ని ఇండ్లను ముంచినయో అందరికి ఎరుకే. అందుకే ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులను పట్టుకోండి, ఊరంతటిని కాదు. అమ్రాబాద్ దిక్కు పోడు పట్టాలున్న గిరిజన రైతులైతే 2025 మే 18న మాచారంల మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం ఉంది, బోరు, సోలార్ పంపుసెట్టు ఇస్తరు, గిరిజనుల కోసం ఉన్న ఐటీడీఏ ఆఫీసుల అడగాలె.

పై తలుపులు కూడ కొట్టండి

ఊరి కాడనే ఆగితే కొన్ని తేలవు. కరెంటు రేట్లు ఖరారు చేసేది విద్యుత్ నియంత్రణ మండలి, డిస్కంలు ఏడాదికి పెట్టే ప్రతిపాదనల మీద ఎవరైనా సరే రాతపూర్వకంగ అభ్యంతరం పంపొచ్చు, బహిరంగ విచారణల మాట్లాడొచ్చు, వకీలు అక్కర్లేదు. ఏదన్న పెద్ద ప్లాంటు, ఫ్యాక్టరీ వస్తుంటే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడతరు, కనీసం 30 రోజుల ముందు పేపర్ల నోటీసు వేయాలె, మీరు చెప్పిన మాట వీడియోల రికార్డు అయితది. నల్లమలల యురేనియం తవ్వకాలు వద్దని ఊర్లు, స్టూడెంట్లు, చెంచులు గట్టిగ నిలవడితే 2019 సెప్టెంబర్ 16న అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినవడాలని 1996ల నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది పోటీల నిలవడ్డరు, బ్యాలెట్ పేపరు బుక్కు లెక్క అచ్చేయాల్సి వచ్చింది. ఎంత మామూలు మనుషులు వాళ్లు, ఎంత తెలివైన పని.

మీరు రాసే అభ్యంతరం ఒక్క పేజీ దాటనియ్యకండి. పైన మీ పేరు, ఊరు, కరెంటు కనెక్షన్ నంబరు, కింద ఒక్కటే విషయం, దానికి మీ ఊరి లెక్క. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంతమంది రైతులున్నరు, పోయిన యాసంగిల ఇన్నిసార్లు కాలింది, ఇన్ని దినాలకు తెచ్చిన్రు, కొత్తది ఎప్పుడు ఇస్తరు అని తారీకులతోటి రాయండి. గోడ మీద చాక్‌పీసుతోటి రాసిన అలవాటు ఉన్న మనిషికి ఈ లెక్క తీయడానికి అరగంట కూడ పట్టది. ఆ కాపీ ఒకటి ఏఈకి, ఒకటి పంచాయతీకి ఇచ్చి రెండిటి మీద ముద్ర వేయించుకొని రండి.